గాలిలో వాసనను నీటిలోకి దించడం: తోతాపురి కాయల దగ్గర జీవసెన్సర్‌కు నమూనా పట్టే పద్ధతి

జూన్, జూలై నెలల్లో తిరుపతి, చిత్తూరు వైపు దామలచెరువు, బంగారుపాళ్యం మండీల్లో తోతాపురి మామిడి రాశుల మధ్య నడిస్తే ఏ రాశి రసానికి సిద్ధమైందో, ఏ రాశి అడుగున కాయ మురగడం మొదలుపెట్టిందో పాతకాపుల ముక్కు చెప్పేస్తుంది. ఆ పనిని ప్రోటీన్‌తో చేయించేవే వాసన జీవసెన్సర్లు. జంతువుల ముక్కు జిగురులో, పురుగుల మీసాల్లోని ద్రవంలో వాసన అణువులను పట్టి మోసే చిన్న ప్రోటీన్లు ఉంటాయి. వాటిని వాసన బంధక ప్రోటీన్లు అంటారు, ప్రయోగశాలల్లో పొట్టిగా ఓబీపీ. వాటిని బ్యాక్టీరియాలో తయారుచేసుకుని, వాసన అణువు వచ్చి అతుక్కున్నప్పుడు వెలుగు మారేలా ఏర్పాటు చేసుకోవచ్చు.

ప్రోటీన్ నీళ్లలో ఉంటుంది, వాసన గాలిలో ఉంటుంది. ఈ రెంటి మధ్య గట్టు దాటించడమే అసలు పని. సెన్సర్ పలకలేదని ప్రోటీన్‌ను అనుమానించే ముందు, వాసన ప్రోటీన్ దాకా చేరిందా లేదా అన్నది చూడాలి. చాలాసార్లు చేరదు. దారిలో గొట్టానికి అంటుకుంటుంది, సీసా మూతలో ఇంకుతుంది, లేదా బుడగలో కూర్చునే అలా పైకి వెళ్లిపోతుంది. ఈ వ్యాసం ఆ దారి గురించే. పనిముట్లు చాలావరకు తిరుపతిలో దొరికేవే. ఒకటి రెండు మాత్రం సైన్స్ సామాను అమ్మేవాళ్ల దగ్గర ఆర్డర్ పెట్టాలి.

కొనే ముందు వేయాల్సిన లెక్క

ఏ వాసన అణువైనా గాలికీ నీటికీ మధ్య ఒక నిష్పత్తిలో పంచుకుంటుంది. ఒక లీటరు గాలిలో ఉన్నదానికి ఎన్ని రెట్లు ఒక లీటరు నీటిలో ఉంటుందో చెప్పే అంకెను ఇక్కడ పంపకం అంకె అందాం. 25 డిగ్రీల దగ్గర మామిడికి సంబంధించిన కొన్నింటి అంకెలు ఉజ్జాయింపుగా ఇవి: ఇథనాల్ 5,000, ఇథైల్ అసిటేట్ 150, హెక్సనాల్ అనే ఆల్డిహైడ్ 100, పండిన వాసననిచ్చే ఇథైల్ బ్యూటిరేట్ 60, లిమోనీన్ 1, మామిడి సొనలో ఘాటుగా కొట్టే 3-కెరీన్ 0.2.

ఇథనాల్‌కీ కెరీన్‌కీ మధ్య ఇరవై అయిదు వేల రెట్ల తేడా ఉంది. రెంటినీ ఒకే సీసాలో పట్టాలనుకోవడమే ఈ పనిలో మొదటి తప్పు.

10 మి.లీ. నీళ్లున్న సీసాలోంచి నిమిషానికి 200 మి.లీ. గాలిని బుడగలుగా పంపుతున్నాం అనుకోండి. పంపకం అంకెను నీటి పరిమాణంతో గుణిస్తే, ఆ నీళ్లు ఎంత గాలిలోని వాసనకు చోటివ్వగలవో వస్తుంది. ఇథనాల్‌కు అది 50 లీటర్లు. అరగంటలో మనం పంపేది 6 లీటర్లే కాబట్టి, వచ్చిన ఇథనాల్‌లో 94 శాతం దాకా నీళ్లలోనే ఉండిపోతుంది. ఇంకో అరగంట పంపితే ఇంచుమించు రెట్టింపు దొరుకుతుంది. అంటే ఇక్కడ గాలి పరిమాణాన్ని కచ్చితంగా కొలవాలి.

ఇథైల్ బ్యూటిరేట్‌కు ఆ చోటు 600 మి.లీ. మాత్రమే. మూడు నిమిషాల్లో మూడింట రెండు వంతులు, తొమ్మిది నిమిషాల్లో 95 శాతం నిండిపోతుంది. ఆ తర్వాత గంటసేపు గాలి పంపినా చుక్క పెరగదు, ఎంత లోపలికి వస్తే అంత బయటికి పోతుంది. ఇక్కడ గాలి పరిమాణం కంటే నీటి ఉష్ణోగ్రత ముఖ్యం. పది డిగ్రీలు పెరిగితే పంపకం అంకె సుమారు 1.7 రెట్లు పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో పట్టిన నమూనాలో, అదే కాయలకు 27 డిగ్రీల్లో పట్టినదానితో పోలిస్తే సగం కూడా ఉండదు. కాయ మారలేదు, నీళ్లు వేడెక్కాయి అంతే.

కెరీన్‌కు చోటు 2 మి.లీ. ఒక్క సెకను లోపే నిండిపోతుంది. గాలిలో 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) కెరీన్ ఉంటే నీళ్లలో దాని గాఢత 8 నానోమోలార్ (మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు నానోమోలార్) దగ్గరే ఆగిపోతుంది. ఓబీపీలు సాధారణంగా మైక్రోమోలార్ గాఢతల్లోనే వాసనను గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి 8 నానోమోలార్ వాటికి అందదు. అదే 1 పీపీఎం ఇథైల్ బ్యూటిరేట్ అయితే నీళ్లలో 2.5 మైక్రోమోలార్ దాకా వస్తుంది.

కాబట్టి రెండు దారులు పెట్టుకోవాలి: నీటికి మొగ్గే వాసనలకు బుడగల సీసా, లిమోనీన్, కెరీన్ లాంటి నూనె తత్వపు టెర్పీన్లకు పొడి నింపిన గాజు గొట్టం. మామిడి వాసనలో టెర్పీన్లదే పెద్ద వాటా. పక్వం ముదిరే కొద్దీ ఇథైల్ బ్యూటిరేట్ లాంటి ఎస్టర్లు, మురగడం మొదలయ్యాక ఇథనాల్, ఇథైల్ అసిటేట్ పెరుగుతాయి. కాయ చెడిందా అన్నదే మీ ప్రశ్న అయితే మొదటి దారి ఒక్కటీ చాలు. గొట్టం ఖర్చు అక్కర్లేదు.

సామాను

కాయలు పెట్టడానికి 10 లీటర్ల స్టీలు డబ్బా, బియ్యం పోసుకునే రకం, కొత్తది కావాలి. ఊరగాయ పెట్టిన జాడీ, నూనె పోసిన డబ్బా ఎంత కడిగినా పనికిరావు. మూతలోని రబ్బరు రింగు తీసేసి, ఆ గాడిలో ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు పది పన్నెండు చుట్లు చుట్టండి. రబ్బరు వాసనను పీల్చుకుని తర్వాతి నమూనాలోకి వదులుతుంది. మూతకు రెండు రంధ్రాలు వేయించి పావు అంగుళం స్టీలు కనెక్టర్లు బిగించండి. లోపలికి వచ్చే గాలి గొట్టం అడుగు దాకా దిగాలి, బయటికి పోయేది మూత దగ్గరే ఉండాలి. లేకపోతే వచ్చిన శుభ్రమైన గాలి కాయలను తాకకుండానే తిన్నగా బయటికి పోతుంది.

గొట్టాలన్నీ టెఫ్లానే. సిలికోన్ గొట్టం మెత్తగా, చవకగా ఉంటుంది కానీ టెర్పీన్లను స్పాంజిలా మింగేస్తుంది. పీవీసీ గొట్టం తనలోని మెత్తదనపు రసాయనాలను గాలిలోకి వదులుతుంది. డబ్బా నుంచి సీసా దాకా గొట్టం అర మీటరు మించకూడదు.

పంపులు రెండు. ఒకటి శుభ్రమైన గాలిని డబ్బాలోకి తోసేది, నిమిషానికి 400 మి.లీ. దీనికి అక్వేరియం పంపు సరిపోతుంది. దాని లోపలి రబ్బరు పొర వాసన కొడుతుంది కాబట్టి బొగ్గు వడపోత పంపు తర్వాతే రావాలి, ముందు కాదు. వడపోతకు 50 గ్రాముల కొబ్బరి చిప్ప యాక్టివేటెడ్ బొగ్గును ఓవెన్‌లో 150 నుంచి 200 డిగ్రీల్లో రెండు మూడు గంటలు వేయించి, చల్లారగానే స్టీలు లేదా గాజు గొట్టంలో నింపండి. బయటి గాలిలోని ఓజోన్‌ను కూడా ఈ బొగ్గే ఆపుతుంది. ఎండ మధ్యాహ్నాల్లో ఓజోన్ టెర్పీన్లను తినేస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

రెండోది పీల్చే పంపు, 12 వోల్టుల డయాఫ్రం రకం. ఇది నమూనా సీసా తర్వాతే, వరసలో అన్నింటికన్నా చివర ఉండాలి. దీన్ని కరెంటు మీద కాక యూపీఎస్‌లలో వాడే 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద నడపండి. మండీల దగ్గర వోల్టేజీ ఊగితే గాలి వేగం కూడా ఊగుతుంది. తోసేది పీల్చేదానికంటే ఎక్కువ ఉండాలన్న నియమం మరవద్దు. మిగులు గాలి మూత సందుల్లోంచి బయటికి పోతుంది, బయటి దుమ్మూ పొగా లోపలికి రావు. రెండూ సమానంగా పెడితే చిన్న సందు ఉన్నా మండీ గాలి నమూనాలో కలుస్తుంది.

గాలి వేగం కొలవడానికి రోటామీటర్ ఉన్నా దాన్ని పూర్తిగా నమ్మకండి. 50 మి.లీ. బ్యూరెట్ తలకిందులుగా పట్టుకుని, పై చివరను నమూనా సీసా నోటికి కలిపి, కింది చివరను సబ్బునీటికి తాకించండి. సబ్బు పొర 50 మి.లీ. గీతలు దాటడానికి 15 సెకన్లు పడితే వేగం నిమిషానికి 200 మి.లీ. సీసాలో నీళ్లు, వడపోత, గొట్టం అన్నీ బిగించి ఉన్నప్పుడే కొలవాలి. ఖాళీ పంపును కొలిచిన అంకె ఎందుకూ పనికిరాదు. పని మొదలులో ఒకసారి, చివర ఒకసారి కొలిచి, రెంటికీ 5 శాతం కంటే ఎక్కువ తేడా వస్తే ఆ నమూనా పక్కన పెట్టండి.

బుడగల సీసా అంటే మిడ్‌జెట్ ఇంపింజర్, 30 మి.లీ. గాజుది, లోపలి గొట్టం కొనకు సన్న రంధ్రాల గాజు గుండు ఉన్నది. గుండు లేని గొట్టం పెద్ద బుడగలు వదులుతుంది, వాసన నీటిని తాకకముందే అవి పైకి తేలిపోతాయి. సీసాకూ పంపుకూ మధ్య సిలికా జెల్ నింపిన చిన్న గొట్టం పెట్టండి, లేకపోతే నీటి తుంపర పంపును తినేస్తుంది.

కడగడానికి వాసన లేని ప్రయోగశాల డిటర్జెంట్ వాడండి. ఇంట్లో గిన్నెలు తోమే ద్రవాల్లోని నిమ్మ వాసన అంటే లిమోనీనే. తర్వాత వేడినీళ్లు, ఆపై డిస్టిల్డ్ వాటర్ మూడుసార్లు, చివరికి 105 డిగ్రీల్లో గంటసేపు ఓవెన్.

పట్టే ద్రవం

ఉత్త నీళ్లు పోయకండి. కాయలు ఊపిరి వదులుతాయి, ఆ కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి ఆమ్లత పెంచుతుంది. చాలా పురుగుల ఓబీపీలు పీహెచ్ 6 కిందికి వెళితే ఆకారం మార్చుకుని పట్టిన వాసనను వదిలేస్తాయి. పురుగులో అది అవసరమైన గుణం, మీ సీసాలో మాత్రం కొలతను చెడగొడుతుంది.

పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం, అంటే బఫర్ పోయాలి. ట్రిస్ బఫర్ మాత్రం వద్దు. అందులోని అమైన్ ఆల్డిహైడ్లతో చర్య జరుపుతుంది. హెక్సనాల్, అసిటాల్డిహైడ్ సెన్సర్‌కు చేరకముందే దానికి చిక్కుకుంటాయి. పైగా చల్లబడితే దాని పీహెచ్ డిగ్రీకి సుమారు 0.03 చొప్పున పెరుగుతుంది. మంచులో పెట్టేసరికి 7.4 కాస్తా 8 దాటుతుంది.

ఫాస్ఫేట్ బఫరే సరైనది: 20 మిల్లీమోలార్, పీహెచ్ 7.4. ఒక లీటరుకు నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 2.2 గ్రాములు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ డైహైడ్రేట్ 0.7 గ్రాములు. మీటర్‌తో చూసి సరిచేసుకోండి. డిస్టిల్డ్ వాటర్‌ను ముందు గాజు పాత్రలో పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చండి. బ్యాటరీల కోసం అమ్మే నీళ్లు వాడకండి. అవి నెలల తరబడి ప్లాస్టిక్ క్యాన్లలో ఉంటాయి, క్యాన్ వాసన నీళ్లకు పడుతుంది.

ప్రోటీన్‌ను ఈ దశలో కలపాలని చాలామందికి అనిపిస్తుంది. ఆలోచన సబబే. ద్రవంలో ప్రోటీన్ ఉంటే వాసనకు చోటు పెరుగుతుంది. వాసనను 1 మైక్రోమోలార్ దగ్గర సగం పట్టుకునే ప్రోటీన్ 10 మైక్రోమోలార్ ఉంటే, తక్కువ గాఢతల్లో ఆ చోటు 11 రెట్లవుతుంది. ముక్కు జిగురులో ఓబీపీలు ఉండటానికి ఒక కారణం ఇదే కావచ్చు. కానీ ముక్కులో గాలి జిగురు పొర మీదుగా జారిపోతుంది, బుడగలు రావు. సీసాలో బుడగలు ప్రోటీన్‌ను నురగ చేస్తాయి. బుడగ గోడ మీద ప్రోటీన్ విప్పుకుని పాడవుతుంది, నురగ పంపులోకి ఎక్కుతుంది. అందుకే బుడగలు పంపేటప్పుడు ద్రవంలో బఫర్ మాత్రమే ఉండాలి. ప్రోటీన్ తర్వాత.

బుడగల సీసాతో నమూనా

ఒక క్రేటులో పైన ఒకటి, నడుమ రెండు, అడుగున ఒకటి చొప్పున నాలుగు కాయలు తీయండి. మొత్తం కిలోన్నర దాకా ఉంటుంది. తొడిమ దగ్గర సొన కారుతుంటే ఆ కాయ వద్దు, ఆ సొనలోని టెర్పీన్లు మిగతా వాసనలన్నిటినీ కప్పేస్తాయి. కాయలు కడగకండి, పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. డబ్బాను నీడలో పెట్టి, లోపలి ఉష్ణోగ్రత రాసుకోండి.

తోసే పంపు నడిపి గంటసేపు ఆగాలి. కాయలు పోగా డబ్బాలో 8.5 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 400 మి.లీ. చొప్పున అది ఒకసారి మారడానికి 21 నిమిషాలు, మూడుసార్లు మారడానికి ఇంచుమించు గంట. అంతకంటే ముందే పడితే మూత తెరిచినప్పుడు దూరిన మండీ గాలినే కొలుస్తున్నట్టు.

ఈలోగా ఇంపింజర్‌లో 10 మి.లీ. బఫర్ పోసి, తూకం వేసి, ఫ్లాస్కులోని మంచునీళ్లలో దించండి. మంచుగడ్డలు మాత్రమే ఉంటే గాజుకు అక్కడక్కడే తగులుతాయి. గడ్డలూ నీళ్లూ కలిసి ఉండాలి. మంచు వల్ల పంపకం అంకె 25 డిగ్రీల నాటికంటే మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. అయితే అంతకంటే పెద్ద లాభం, మేలో అయినా నవంబరు వానల్లో అయినా సీసా ఉష్ణోగ్రత ఒకటే ఉండటం. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోవాలి: మంచులో ఇథైల్ అసిటేట్‌కు చోటు 5 లీటర్ల దాకా పెరుగుతుంది కాబట్టి, అరగంటలో అది పూర్తిగా నిండదు, పూర్తిగా పోగుపడదు కూడా. అందుకని సమయం, వేగం, ఉష్ణోగ్రత మూడూ ప్రతిసారీ ఒకేలా ఉంచాల్సిందే: 30 నిమిషాలు, 200 మి.లీ., మంచునీళ్లు.

డబ్బా నుంచి వచ్చే గొట్టం సీసాలోకి పైనుంచి కిందికి వాలుగా దిగాలి. కాయల తేమ మంచు దగ్గరికి రాగానే గొట్టం గోడ మీద చెమటలా పడుతుంది. వాలు ఉంటే అది సీసాలోకే జారుతుంది, గొట్టం మధ్యలో పల్లం ఉంటే అక్కడ నిలిచి ఇథనాల్‌నంతా తనలో దాచుకుంటుంది. పని అయ్యాక సీసాను బయట తుడిచి మళ్లీ తూకం వేయండి. తేమ చేరి 0.15 నుంచి 0.2 గ్రాములు పెరగడం మామూలే. తగ్గితే ఎక్కడో నీళ్లు తుంపరగా పోయాయన్నమాట.

మొదటి వారంలో రెండు సీసాలు వరసగా పెట్టి చూడండి. ఇథనాల్ విషయంలో రెండో సీసాలో మొదటిదాంట్లో పదో వంతు కంటే తక్కువ ఉండాలి. ఇథైల్ బ్యూటిరేట్ మాత్రం రెండింట్లో దాదాపు సమానంగా కనిపించవచ్చు. అది లోపం కాదు, రెండు సీసాలూ నిండాయన్న గుర్తు. ఈ తేడా తెలియక మంచి సీసాలను పారేసినవాళ్లున్నారు.

టెర్పీన్లకు పొడి గొట్టం

6 మి.మీ. బయటి వ్యాసం, 10 సెం.మీ. పొడవున్న గాజు గొట్టంలో సిలనైజ్ చేసిన (వాసన అంటుకోకుండా పూత పెట్టిన) గాజు దూది చిన్న ముద్ద, వాసనను పట్టుకునే పోరాపాక్ క్యూ పొడి 50 మిల్లీగ్రాములు, మళ్లీ దూది. కొత్త గొట్టాన్ని ఈథర్‌తో కడిగి, నైట్రోజన్ పారుతుండగా 130 డిగ్రీల్లో రెండు గంటలు వేడిచేయాలి. నైట్రోజన్ సిలిండర్, దాన్ని పారిస్తూ వేడిచేసే ఓవెన్ యూనివర్సిటీ ప్రయోగశాలల్లోనే ఉంటాయి కాబట్టి పది పన్నెండు గొట్టాలు ఒకేసారి చేయించుకుని, రెండు చివర్లూ టెఫ్లాన్ మూతలతో మూసి తెచ్చుకోవడం మేలు. టెనాక్స్ అనే ఇంకో పొడి వేడిచేసి వాసన విడిపించే యంత్రాలకు మంచిది. ఆ యంత్రం లేకుండా ద్రావకంతో దింపుకునేవాళ్లకు పోరాపాకే అనువైనది.

గొట్టాన్ని డబ్బా మూతకు నేరుగా బిగించి, అదే 200 మి.లీ. వేగంతో అరగంట. దీన్ని మంచులో పెట్టకండి, తేమ చేరి పొడి గడ్డకడుతుంది. ఇథనాల్, ఇథైల్ అసిటేట్ లాంటి చిన్న అణువులు ఈ గొట్టంలోంచి జారిపోతాయి. వాటి లెక్క సీసాదే.

దింపడానికి హెచ్‌పీఎల్‌సీ గ్రేడ్ (అతి శుద్ధమైన) మెథనాల్ 300 మైక్రోలీటర్లు, గాలి పారిన దిక్కుకు ఎదురుగా, నెమ్మదిగా. మెథనాల్ విషం: చేతితొడుగులు, గాలి ఆడే చోటు, మంటకు దూరం. అందులోంచి 5 మైక్రోలీటర్లను 995 మైక్రోలీటర్ల బఫర్‌లో కలిపితే మెథనాల్ అర శాతమే ఉంటుంది, ఓబీపీలు తట్టుకుంటాయి. ఇప్పుడు లెక్క చూడండి. 1 పీపీఎం కెరీన్ ఉన్న 6 లీటర్ల గాలిలో కెరీన్ 0.245 మైక్రోమోల్. అది 300 మైక్రోలీటర్లలోకి చేరి, 200 రెట్లు పలచబడినా 4 మైక్రోమోలార్. బుడగల సీసా ఇచ్చిన 8 నానోమోలార్‌తో పోలిస్తే అయిదు వందల రెట్లు.

మెథనాల్ బదులు డీఎంఎస్‌ఓ అనే ఇంకో ద్రావకం వాడవచ్చా అంటే, పలచన చేయడానికి బాగుంటుంది కానీ 18 డిగ్రీలకే గడ్డకడుతుంది, చిక్కగా ఉండి పొడిలోంచి సరిగా దిగదు. మంచు పెట్టెలో పెట్టిన సీసాలో దాన్ని పోస్తే రాయి అవుతుంది.

ప్రోటీన్‌కు అందించడం

నమూనాను గాజు సిరంజితోనే తీయండి, టెఫ్లాన్ పొర ఉన్న మూతల గాజు సీసాల్లో అంచు దాకా నింపండి. సగం నింపిన సీసాలో ఇథైల్ బ్యూటిరేట్ 1.6 శాతమే పైనున్న గాలిలోకి పోతుంది. కెరీన్ అయితే 83 శాతం పోతుంది. ప్లాస్టిక్ పిపెట్ కొనలు, పాలీస్టైరీన్ క్యూవెట్లు (వెలుగు చదవడానికి ద్రవం పోసే చిన్న గిన్నెలు) కూడా టెర్పీన్లను మింగేస్తాయి.

చదవడానికి తేలికైన పద్ధతి వెలుగు తగ్గుదల. 1-ఎన్‌పీఎన్ అనే రంగు పదార్థం ఓబీపీ గుంతలో కూర్చున్నప్పుడు బాగా వెలుగుతుంది, వాసన అణువు వచ్చి దాన్ని తోసేస్తే వెలుగు తగ్గుతుంది. 900 మైక్రోలీటర్ల నమూనాకు, ప్రోటీన్, రంగు చెరి 20 మైక్రోమోలార్ ఉన్న ద్రావణం 100 మైక్రోలీటర్లు కలపండి. చివరికి రెండూ 2 మైక్రోమోలార్ అవుతాయి. క్వార్ట్జ్ క్యూవెట్‌లో పోసి, వెలుగు కొలిచే యంత్రంలో (ఫ్లోరోమీటర్) 337 నానోమీటర్ల వెలుగు వేసి, 350 నుంచి 500 దాకా చదవండి. శిఖరం 400 దరిదాపుల్లో వస్తుంది. కలిపిన రెండు నిమిషాల తర్వాత, అయిదు నిమిషాల తర్వాత రెండుసార్లు చదివితే అంకె నిలకడగా ఉండాలి. మంచులోంచి తీసిన నమూనాను మూత తీయకుండానే గది ఉష్ణోగ్రతకు రానివ్వండి, చల్లటి క్యూవెట్ మీద పట్టిన ఆవిరి వెలుగును చెదరగొడుతుంది.

వెలుగు తగ్గాల్సింది పోయి పెరిగితే నమూనాలో సబ్బు లేదా జిడ్డు ఉందని అర్థం. 1-ఎన్‌పీఎన్ అలాంటి జిడ్డు గుంపుల్లో దూరినా వెలుగుతుంది. అందుకే ప్రతి నమూనాకూ ప్రోటీన్ లేకుండా రంగు మాత్రమే కలిపిన జత ఒకటి చదవాలి.

ఒక్క ఓబీపీతో ఒక్క వాసన పేరు చెప్పలేరు. ప్రతి ఓబీపీ చాలా వాసనలకు లొంగుతుంది, ఎంతగా లొంగుతుందన్నదే తేడా. మూడు నాలుగు రకాలు పెట్టుకుని వాటి స్పందనల పోలికను చూడాలి. పంది ముక్కు నుంచి గుర్తించిన ఓబీపీ వేడికి బాగా తట్టుకుంటుంది కాబట్టి మన ఎండల్లో మొదలుపెట్టడానికి అది మంచిది.

తెలిసిన మోతాదుతో సరిచూడటం

స్టీలు డబ్బాలో తెలిసిన మోతాదు వేస్తే, పీల్చేకొద్దీ కొత్త గాలి వచ్చి పలచబడుతుంది. దీనికి కేక్ సామాను షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే పాలియెస్టర్ ఓవెన్ బ్యాగ్ వాడండి. 100 డిగ్రీల్లో గంటసేపు కాల్చి వాసన పోగొట్టి, బొగ్గు వడపోత గాలిని నిమిషానికి 400 మి.లీ. చొప్పున 25 నిమిషాలు నింపితే 10 లీటర్లు. లోపల చిన్న అల్యూమినియం రేకు మీద 1 మైక్రోలీటరు ఇథైల్ బ్యూటిరేట్ పడేలా సూదితో వేసి, అరగంట ఆగండి. ఆ గాలిలో గాఢత 18 పీపీఎం దాటి ఉంటుంది. 6 లీటర్లు పీల్చినా సంచి ముడుచుకుంటుందే తప్ప గాఢత మారదు. ఈ అంకెతో సీసా నమూనాను పోల్చుకుని మీ గుణకం రాసుకోండి. పుస్తకాల్లోని పంపకం అంకెలను నేరుగా వాడటం కంటే ఇదే నమ్మదగింది. అదే బ్యాచ్ బఫర్‌తో వారానికోసారి చేయాలి, ఫలితం రాసుకున్న గుణకంలో 80 నుంచి 120 శాతం మధ్య ఉండాలి.

ఈ ఊళ్లో నమూనాలను చెడగొట్టేవి

తిరుపతిలో కర్పూరం లేని వీధి తక్కువ. అది గది ఉష్ణోగ్రతలోనే నేరుగా ఆవిరవుతుంది, ఓబీపీలు పట్టుకునే రకం అణువు. పూజ సామాను షాపు పక్కన గానీ, హారతి ఇచ్చిన గదిలో గానీ నమూనా పట్టకండి. అగరబత్తి, దోమల చుట్ట, నేల తుడిచే ఫినాయిల్‌లోని పైన్ ఆయిల్ కూడా ఇంతే. పని చేసేవాళ్లు ఆ రోజు తలలో మల్లెపూలు, వాసన నూనె లేకుండా రావాలి. చేతులకు శానిటైజర్ రాసుకుంటే ఆ పూట ఇథనాల్ లెక్క మరిచిపోవచ్చు.

అన్నిటికన్నా దొంగ శత్రువు మిథైల్ యూజినాల్. మామిడి తోటల్లో పండు ఈగకు కట్టే ఎరల్లో ఇదే ఉంటుంది. ఎర మార్చిన చేతులతోనే గొట్టాలు ముట్టుకుంటే, కడిగినా రోజుల తరబడి, కాయలు లేకుండా పట్టిన ఖాళీ నమూనాలో కూడా కనిపిస్తుంది. ఎర పని, నమూనా పని వేర్వేరు మనుషులు చేయాలి. తోట నుంచి వచ్చిన కాయలైతే ఎర కట్టిన చెట్టు కిందివి వద్దు.

ప్రతి అయిదు నమూనాలకు ఒకటి ఖాళీ డబ్బాతో పట్టండి. ఖాళీ నమూనా పలికితే కాయల ఫలితాలన్నీ ఆపి, ఒక్కొక్క భాగాన్నీ తీసి చూడాలి: మొదట బొగ్గు, తర్వాత మూత టేపు, ఆ తర్వాత గొట్టం. చాలాసార్లు బొగ్గే తేమ పట్టి చచ్చుబడి ఉంటుంది. అక్టోబరు, నవంబరు వానల్లో దాన్ని వారానికి రెండుసార్లు వేయించాలి.

కార్బైడ్‌తో మగ్గబెట్టిన కాయలను దీనితో పట్టవచ్చా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. పట్టలేరు. కార్బైడ్ వదిలే ఎసిటిలీన్, కాయ తనంతట తాను వదిలే ఇథిలీన్ మరీ చిన్న అణువులు, నీళ్లలో నిలవవు, ఓబీపీ గుంతలో కుదరవు. ఆ పనికి గ్యాస్ క్రోమటోగ్రఫీ యంత్రమే కావాలి.

వాడిన పోరాపాక్ గొట్టాన్ని 1 మి.లీ. మెథనాల్‌తో కడిగి, మళ్లీ నైట్రోజన్‌లో వేడిచేసి వాడుకోవచ్చు. పొడి పసుపుపచ్చగా మారినా, గాలి వేగం మునుపటికంటే తగ్గినా పొడి మార్చండి. ప్రతి గొట్టానికీ గాజు మీదే గీతతో నంబరు వేయండి. మార్కర్ సిరాలోని ద్రావకం కూడా వాసనే, ప్రోటీన్ దాన్నీ పట్టుకుంటుంది.